స్పీకర్లో చెప్పని మాట

ఆత్మకూర్
2 జూలై 2023

బావకు,

చేతిలో ఫోను పెట్టుకుని ఉత్తరమేమిటని నవ్వుతావేమో. మన ఫోను స్పీకరు పెడితే తప్ప వినిపించదని నీకు తెలుసు. నువ్వు "తిన్నవా" అని అడిగితే, నేను నోరు తెరిచేలోపే పక్కింటి సుగుణమ్మ గోడ అవతల నుంచి "తిన్నదిలే, పప్పుచారు" అని జవాబు చెప్తుంది. ఇక నేనేం మాట్లాడాలి? అందుకే భీవండి బస్సులో పంపుతున్న చింతకాయ తొక్కు డబ్బా కింద ఈ కాయితం పెడుతున్నాను. నూనె అంటితే ఏమీ అనుకోకు.

ఇక్కడ వాన సరిగా లేదు. అయినా సేటు షెడ్డులో మగ్గం గుంటలోకి చెమ్మ వస్తోంది. చీర సగమైంది. అత్తమ్మ ఇంట్లో కూర్చుని కండెలు చుడుతోంది, నడుము నొప్పి అంటూనే.

ఒక సంగతి అడగాలి. నిన్న బ్యాంకు ముందు నుంచి పోతూ పాసుబుక్కు అచ్చు వేయించాను. ఖాతా దాదాపు ఖాళీగా ఉంది. మే నెల చివర్లో ఒకే రోజు పైసలు వరుసగా పోయినట్లు పడింది. మిషను తప్పు కొట్టిందేమోనని మళ్లీ వేయించాను. అదే వచ్చింది.

నువ్వు తీసుకున్నావా బావా? తీసుకోవద్దని కాదు. కార్డు నీ దగ్గరే ఉంది, నువ్వు సంపాదించింది కూడా అందులో ఉంది. కానీ అవి జకార్డు మగ్గానికని పెట్టినవి. మన ఇంట్లోనే సొంత మగ్గం పడితే భీవండి విడిచి వస్తానని నువ్వే అన్నావు. అవసరం పడితే ఒక మాట చెప్పాల్సింది. రూములో ఎవరికైనా ఇచ్చావా? ఒంట్లో బాగాలేక దవాఖానలో ఏమైనా పెట్టావా? ఏదైనా సరే, నిజం రాయి.

అత్తమ్మకు ఇంకా చెప్పలేదు. నువ్వు కూడా ఫోన్లో ఆ మాట ఎత్తకు. సుగుణమ్మ వింటుంది.

ఇట్లు,
స్వర్ణ

---

భీవండి
9 జూలై 2023

స్వర్ణకు,

తొక్కు అందింది. ఉత్తరం కూడా అందింది. అన్నం తింటూ చదవడం మొదలుపెట్టి, తినకుండానే లేచాను.

నేను తీసుకోవడం ఏమిటి? తీసింది నువ్వు. ఆ రోజు బ్యాంకులో కూర్చుని నాకు ఫోను చేయించింది నువ్వే కదా. మీ కార్డు బంద్ అవుతోంది, కొత్తది ఇవ్వాలంటే నంబరు కావాలి అని బ్యాంకాయన అడిగాడు. మేడం ఇక్కడే ఉంది అన్నాడు. కార్ఖానాలో మరమగ్గాల చప్పుడుకి నాకు సగం వినిపించనే లేదు. బయటికి వచ్చి కార్డు మీది నంబరు, మెసేజ్‌లో వచ్చిన నంబరు చదివి వినిపించాను. ఆ తర్వాత పైసలు పోయినట్లు మెసేజ్‌లు వచ్చాయి. నువ్వు జకార్డు వాళ్లకు బయానా ఇచ్చావనుకున్నాను. మనసులో సంతోషపడ్డాను కూడా. ఇంటికి పోతే చెప్తుందిలే, ఫోన్లో అందరి ముందు ఎందుకు చెప్తుంది అని ఊరుకున్నాను. రూములో వాళ్లతో దసరా తర్వాత నేను ఇక్కడ ఉండనని కూడా చెప్పేశాను.

ఇప్పుడు నన్నే అడుగుతున్నావు. మీ తమ్ముడు బండి కొనుక్కున్నాడని అమ్మ మొన్న చెప్పింది. నాకు అర్థం కాదనుకోకు. ఇచ్చి ఉంటే ఇచ్చానని చెప్పు. చెప్పకుండా నా మీద తోస్తే మాత్రం నేను ఊరుకోను.

దామోదర్

---

ఆత్మకూర్
15 జూలై 2023

బావకు,

నీ ఉత్తరం మగ్గం గుంటలో కూర్చుని చదివాను. ఆ పూట పోగు నేసే నాడె చేతిలోంచి ఎన్నిసార్లు జారిందో. సేటు వచ్చి "ఏం స్వర్ణా, అంచు వంకర పోతాంది" అని కసిరిపోయాడు.

మా తమ్ముడి బండి వాడి కిస్తీల మీద నడుస్తోంది. వాడి సంగతి వదిలెయ్యి.

ఆ రోజు నేను బ్యాంకులో లేను. అసలు ఆత్మకూర్‌లోనే లేను. నేనూ అత్తమ్మా కొల్లాపూర్‌లో మీ చిన్నమ్మ మనవరాలి తొట్టెల పండుగకు పోయాం. పాసుబుక్కులో ఉన్న తేదీ చూసి చెప్తున్నాను. కావాలంటే అత్తమ్మను అడుగు. ఆ పాపకు పెట్టిన గౌను రంగుతో సహా చెప్తుంది.

మరి నీకు ఫోను చేసింది ఎవరు? నా గొంతు విన్నావా? మేడం ఇక్కడే ఉంది అంటే, ఒకసారి ఇవ్వు అని అడగలేదా?

అడగవు. ఎందుకు అడుగుతావు? నా ఖాతాకు నీ నంబరు. గ్యాసుకు నీ నంబరు. రేషన్‌కు నీ నంబరు. ఆ సిమ్ము నీతో భీవండి వచ్చింది. గ్యాసు బండాయన సిలిండరు దింపి నీకు ఫోను చేస్తాడు: "అన్నా, మీ ఇంటామె ఈన్నే ఉన్నది, నంబరొచ్చింది చెప్పు." చెప్తావు. రేషన్ డీలరు కిష్టయ్య నా వేలు పడకపోతే నీకే చేస్తాడు. చెప్తావు. నేను ప్రతిసారీ పక్కన తల వంచుకుని నిలబడతాను. ఇన్నేళ్లలో ఎవరో ఒక మగాయన నా బదులు మాట్లాడటం, నువ్వు అంకెలు చదవడం, ఇదే నడిచింది. వాడికి అంతకన్నా ఏం కావాలి?

నాకు కోపం వస్తోంది బావా. ఎవరి మీద రావాలో తెలియడం లేదు.

వాడు ఏమన్నాడో, నువ్వు ఏమన్నావో ఉన్నది ఉన్నట్టు రాయి.

స్వర్ణ

---

భీవండి
24 జూలై 2023

స్వర్ణకు,

ఉన్నది ఉన్నట్టే రాస్తున్నాను, చదువుకో.

వాడు తెలుగులోనే మాట్లాడాడు. "స్వర్ణ గారి ఖాతాకు ఉన్న నంబరు ఇదేనా?" అన్నాడు.

"అవును. నా భార్య. బ్యాంకుకు వచ్చిందా?" అన్నాను.

"వచ్చారు సార్, మా ముందే కూర్చున్నరు. ఏమడిగినా చెప్తలేరు" అన్నాడు.

"ఆమె మాట్లాడదు సార్, జర సిగ్గెక్కువ. నేను చెప్త, రాసుకోండి" అన్నాను.

అంతే. ఇందులో నేను చేసిన తప్పేమిటి? నువ్వు నలుగురిలో మాట్లాడే మనిషివైతే, ఫోను ఆమెకివ్వు అని నేనే అనేవాణ్ని. ఇచ్చినా నువ్వు ఊపిరి తీసుకోవడం తప్ప ఏమీ వినిపించదు. పెళ్లయిన కొత్తలో నేను ఫోను చేస్తే, లైను కట్టయిందనుకుని మళ్లీ మళ్లీ చేసేవాణ్ని, గుర్తుందా?

నాకు వేరే అనుమానం ఉంది. వాడికి నీ పేరు ఎలా తెలిసింది? నా నంబరు ఎలా తెలిసింది? అమ్మ నిన్న ఫోన్లో అంది, నువ్వు నీ పేరు మీద కొత్త సిమ్ము తీసుకోవాలని అడుగుతున్నావట. ఇన్నాళ్లూ లేని సిమ్ము ఇప్పుడెందుకు? ఎవరు నేర్పుతున్నారు? నువ్వు మంచిదానివే. కానీ ఊళ్లో అందరూ మంచివాళ్లు కాదు.

బ్యాంకుకు పోయి అడుగు. ఒంటరిగా పోకు, అమ్మను తీసుకుని పో. పైసలు వాళ్ల దగ్గర పోయాయి కాబట్టి వాళ్లే ఇవ్వాలి.

దామోదర్

---

ఆత్మకూర్
5 ఆగస్టు 2023

బావకు,

ఎవరు నేర్పుతున్నారని అడిగావు. ఎవరూ నేర్పలేదు. పైసలు పోతే ఆ మాత్రం ఎవరికైనా తోస్తుంది. ఆ వాక్యం చదివి నీ ఉత్తరానికి జవాబే రాయొద్దనుకున్నాను. రాయకపోతే నువ్వు ఇంకేదో అనుకుంటావని రాస్తున్నాను.

అత్తమ్మకు చెప్పక తప్పలేదు. విని ఇద్దరినీ తిట్టింది. మొదట నన్ను, తర్వాత మరమగ్గాలను, చివరికి కొంచెం నిన్ను. ఇద్దరం కలిసి బ్యాంకుకు పోయాం. అక్కడ స్నిగ్ధ అని ఒక అమ్మాయి కూర్చుంటుంది. నా కన్నా చిన్నదే ఉంటుంది. జరిగింది జరిగినట్టు రాస్తాను, నువ్వే చదువు.

"ఖాతా ఎవరిదమ్మా?"

"మా కోడలిది" అంది అత్తమ్మ.

"ఆమెనే చెప్పనియ్యండి."

"ఆమె మాట్లాడదు బిడ్డా. ఏమున్నా నన్నడుగు."

"కార్డు ఏది?"

"నా కొడుకు దగ్గర."

"ఖాతాకు ఉన్న ఫోన్ నంబరు?"

"గది గూడ నా కొడుకుదే. భీవండిల ఉంటడు."

"కార్డు అక్కడ, ఫోను అక్కడ. మరి ఈమె దగ్గరేమున్నది?"

"పాసుబుక్కున్నది గద!" అని అత్తమ్మ దాన్ని బల్ల మీద గట్టిగా కొట్టింది. లైనులో ఉన్న వాళ్లంతా నవ్వారు. నేను గోడ మీది క్యాలెండరు చూస్తూ నిలబడ్డాను.

పైసలు పోయిన వెంటనే సైబరు పోలీసుల 1930 నంబరుకు ఫోను చేసి ఉంటే, అవి ఇంకో ఖాతాకు పోకముందే ఆపే వీలుండేదట. ఇప్పటికి రెండు నెలలు దాటిపోయాయి. నీకు మెసేజ్‌లు వచ్చిన రోజే నన్ను ఒక్క మాట అడిగి ఉంటే! నేనూ అప్పుడే పాసుబుక్కు వేయించుకోవాల్సింది. ఇద్దరం ఒకరినొకరు అడగకుండా సంతోషంగా కూర్చున్నాం.

బ్యాంకుకు ఏ బాధ్యతా లేదట. నంబరు మనమే చెప్పాం కాబట్టి. అయినా ఫిర్యాదు రాయించుకున్నారు. పోలీసు స్టేషనులో కూడా రాయించుకున్నారు. అక్కడా అత్తమ్మే మాట్లాడింది. "తెలియనోళ్లకు కోడ్ చెప్పొద్దని ఎన్నిసార్లు చెప్పాలె మీకు?" అని వాళ్లు నన్ను చూసి కసిరారు. చెప్పింది నేను కాదని అనడానికి నోరు రాలేదు.

పాత కార్డు బంద్ చేయించాను. కొత్తది ఇంటికి పోస్టులో వస్తుంది. నీ దగ్గరున్నదాన్ని ముక్కలు చేసి పారెయ్యి.

చివరికి స్నిగ్ధ ఒక మాట చెప్పింది. "నీ ఖాతాకు నీ నంబరు పెట్టుకో అక్కా. మెసేజ్ నీకు రావాలె, నువ్వు చూడాలె." నా పేరు మీద సిమ్ము, ఆధార్, సంతకం, అంతే. సిమ్ము తీసుకున్నాను. మన పాత ఫోన్లోనే రెండో సిమ్ము అరలో వేశాను. సంతకం మాత్రం చేయలేదు. "వాణ్ని అడగకుండ ఎట్ల చేస్తవు" అని అత్తమ్మ చేయి పట్టుకుంది. అందుకే అడుగుతున్నాను. సరేనని రాయి. సేటు ఈ చీర కూలీ, పోయినసారి ఆపిన కూలీ కలిపి ఖాతాలోనే వేస్తానంటున్నాడు. చేతికి ఇవ్వడట. అవి కూడా పోతే ఇంట్లో మగ్గం మాట మరిచిపోవాల్సిందే.

స్వర్ణ

---

భీవండి
17 ఆగస్టు 2023

స్వర్ణకు,

నంబరు మార్చొద్దు.

కోపంతో అనడం లేదు. ఆలోచించే రాస్తున్నాను. నేను ఇక్కడి నుంచి పంపిన పైసలు చేరాయో లేదో మెసేజ్ వస్తేనే నాకు తెలుస్తుంది. మా రూములో అందరి భార్యల ఖాతాలకూ మొగుళ్ల నంబర్లే ఉన్నాయి. నేను మార్చానంటే నవ్వుతారు. రాత్రీ పగలూ దూది పీల్చుకుంటూ నిలబడేది నేను, నా ఇంటి ఖాతా సంగతి నాకే తెలియకుండా పోవాలా? నేనేమైనా పరాయివాణ్నా?

ఇంకొకటి. నేను మగవాణ్ని, నాలుగు ఊళ్లు తిరిగినవాణ్ని, నన్నే బుట్టలో వేశాడు. రేపు వాడు నీకే ఫోను చేసి పోలీసని బెదిరిస్తే? నువ్వు భయపడి అన్నీ చెప్పేస్తావు. నా దగ్గరుంటేనే జాగ్రత్త.

ఒక మంచి మాట. పోయిన పైసలు వెనక్కి ఇప్పించే ఆఫీసు ఒకటి ఉందట. వాళ్లే నాకు ఫోను చేశారు. మన ఫిర్యాదు సంగతి వాళ్లకు తెలుసు, ఎంత పోయిందో కూడా తెలుసు. ఈయన చాలా మర్యాదగా మాట్లాడుతున్నాడు. మొదటివాడిలా తొందరపెట్టడు. పని అవుతుందన్నాడు. ఫికర్ చెయ్యకు.

కార్డు విరగ్గొట్టాను. అమ్మకు నడుముకు రాయమని నూనె పంపుతున్నాను. దసరాకు వచ్చాక అన్నీ కూర్చుని మాట్లాడుకుందాం. అప్పటిదాకా ఏదీ కదపకు.

దామోదర్

---

ఆత్మకూర్
10 సెప్టెంబరు 2023

బావకు,

నువ్వు ఫోను కట్ చేసి వారం దాటింది. మళ్లీ చేయలేదు. నేను చేస్తే ఎత్తడం లేదు. ఈ ఉత్తరమైనా చింపకుండా చివరిదాకా చదువు.

నంబరు మార్చాను. నీ ఉత్తరం చదివాకే మార్చాను, చదవకముందు కాదు. దాచడం నాకు ఇష్టం లేదు. సేటు కూలీ ఖాతాలో వేసే రోజు దగ్గరపడింది. నువ్వేమో వెనక్కి ఇప్పించే ఆయన మర్యాద గురించి రాశావు. నాకు ఆ మర్యాదే భయం వేసింది. అత్తమ్మకు చెప్పకుండా ఒక్కదాన్నే బ్యాంకుకు పోయాను. తలుపు దాకా పోయి రెండుసార్లు వెనక్కి వచ్చాను. స్నిగ్ధ ముందు నిలబడి, "ఖాతా నాది. నంబరు మార్చాలె" అన్నాను. ఎంత మెల్లగా అన్నానో, ఆ అమ్మాయి "ఏందక్కా?" అంది. మళ్లీ అన్నాను. ఈసారి వెనకున్న ముసలాయనకు కూడా వినిపించింది.

ఇక నువ్వు ఫోను కట్ చేసిన రోజు సంగతి. నీకు తెలిసింది నీ వైపుదే. నా వైపుది రాస్తాను.

నేను షెడ్డు నుంచి వచ్చేసరికి గుమ్మంలో ఫోను స్పీకరులో నీ గొంతు మోగుతోంది. కొత్త కార్డు పొద్దున్నే పోస్టులో వచ్చింది, అరలో పెట్టాను. నువ్వు అడిగావని అత్తమ్మ దాన్ని తీసింది. అత్తమ్మకు చదవడం రాదని సుగుణమ్మ చదువుతోంది. గోడ అవతలి మనిషి మన గుమ్మంలోకి వచ్చి కూర్చుని, ముందు వైపువీ వెనక వైపువీ అంకెలన్నీ రామాయణం చదివినట్టు చదివేసింది. నేను చెప్పులు విడిచేలోపే ఫోను కుయ్యిమంది. మెసేజ్ వచ్చింది. ఫోను అత్తమ్మ చేతిలోంచి తీసుకున్నాను.

"స్వర్ణా, నాకు రాలేదంటె ఆ ఆరంకెల నంబరు నీకే వచ్చింటది. జల్దీ చెప్పు" అన్నావు నువ్వు.

నీ వెనక ఇంకో ఫోనులోంచి ఎవరో "జల్దీ, జల్దీ" అంటున్నారు. అది స్పష్టంగా వినిపించింది.

"ఎవరు బావా అది?"

"ఆఫీసాయన లైన్ల ఉన్నడు. మన పైసలు వాపస్ వస్తున్నయి. నువ్వు చెప్తెనే వస్తయి. చెప్పు."

"చెప్ప."

"ఏందీ?"

"చెప్ప బావా."

"అరే, నేనే మాట్లాడ్తున్న. నా గొంతు గూడ గుర్తువడ్తలేవా?"

"గుర్తువట్టిన. నీ గొంతే. అయినా చెప్ప."

అత్తమ్మ లేచి నిలబడింది. "మొగడడిగితె చెప్పవా? గదేం పొగరే నీకు! వానికి చెప్పకపోతె ఇంకెవనికి చెప్తవు?"

"ఎవ్వలకు చెప్ప అత్తమ్మా. నీకు గూడ చెప్ప."

"ఇన్నొద్దులు దీనికి నోరే లేదనుకున్నం గదమ్మా" అంది సుగుణమ్మ, కార్డు ఇంకా చేతిలో పట్టుకునే. నేను కార్డు లాక్కున్నాను.

"టైమయిపోతాంది! మొదటిసారి నా వల్ల పోయిందన్నవు. గీసారి నీ వల్లనే పోతాంది, యాదిపెట్టుకో!" అని నువ్వు అరిచావు. ఫోను కట్టయింది. నీతో అంత గట్టిగా ఎప్పుడూ మాట్లాడలేదు. ఎవరితోనూ మాట్లాడలేదు.

అప్పటికప్పుడే ఫోనూ కార్డూ పట్టుకుని బ్యాంకుకు పరుగెత్తాను. మూసే వేళయింది, షట్టరు సగం దించారు. వంగి లోపలికి పోయాను. స్నిగ్ధ మెసేజ్ చదివి, ఒక పదం మీద వేలు పెట్టి చూపించింది. "గిది ఉన్నదంటె పైసలు పోతయక్కా, రావు. వాపస్ ఇచ్చేటోళ్లు కోడ్ అడగరు." సేటు వేసిన కూలీ మొత్తానికి మొత్తం ఆ మెసేజ్‌లో ఉందట. కొత్త కార్డు కూడా బంద్ చేసింది. "వచ్చిన పొద్దే కార్డు బంద్ చేయించుకున్నోళ్లను నిన్నే చూసినక్కా" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఇక్కడ ఏం జరుగుతోందో కూడా విను. వెనక్కి రావాల్సిన పైసలు నా మొండితనం వల్ల ఆగిపోయాయని అత్తమ్మ వీధి వీధికీ చెప్తోంది. సుగుణమ్మ సాక్ష్యం. నీళ్ల దగ్గర అందరూ నన్ను ఒక రకంగా చూస్తున్నారు. కూలీ ఖాతాలో భద్రంగా ఉందని పాసుబుక్కు అచ్చు వేయించి అత్తమ్మకు చూపించాను. "ఉన్నయి ఉన్నయి అంటవు, మరి పోయినయి ఏవి?" అంది. ఏం చెప్పను? అవి రావు బావా. వస్తాయని నువ్వు అనుకుంటున్నావు. వాడు నీ ఆశను పట్టుకుని లాగుతున్నాడు. మళ్లీ ఫోను చేస్తాడు, మర్యాదగానే చేస్తాడు.

నంబరు మార్చినందుకు నిన్ను పరాయివాణ్ని చేశానని అనుకోకు. ఏ పైసలు వచ్చినా ఆ రోజే నీకు చెప్తాను, సుగుణమ్మ విన్నా సరే. గ్యాసాయనా, కిష్టయ్యా ఆ కోడ్‌ల కోసం ఇంకా నీకే ఫోను చేస్తున్నారు. వాటికి కూడా నా నంబరే పెట్టించమని అడిగాను. కిష్టయ్య "దామోదర్ చెప్పాలె" అన్నాడు. నువ్వు చెప్పకపోయినా అడుగుతూనే ఉంటాను.

నా మాట నమ్మవేమోనని, ఆ మెసేజ్‌ను వేరే కాయితం మీద గీసి పంపుతున్నాను. నాకు ఇంగ్లీషు చదవడం రాదు. ఏడో తరగతిలో నేర్చిన అక్షరాలు గుర్తు తెచ్చుకుని, ఒక్కొక్కటి చూసి దింపాను. ఒక పూట పట్టింది. మీ కార్ఖానాలో లెక్కలు రాసే ఆయనకు చూపించి, పైసలు రావడానికో పోవడానికో చదివించుకో. మధ్యలో ఒక చోట ఖాళీ ఉంటుంది. అక్కడ ఆ ఆరంకెలు ఉండాలి. దాని టైము ఎప్పుడో అయిపోయింది, ఇప్పుడది ఎందుకూ పనికిరాదని స్నిగ్ధ చెప్పింది.

అయినా రాయలేదు.

స్వర్ణ